పాతాళానికి వెళ్ళిన పిల్లాడికి పోయిన మనిషిని తిరిగి ఇచ్చేయొచ్చా?

ఇసుకతిన్నె:
మా అమ్మాయి పిల్లల నవలల సిరీస్ 'పెర్సీ జాక్సన్' మొదటి భాగం (2005లో వచ్చింది) చదివి పక్కన పెడితే నేనూ చదివేశాను. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పెర్సీ పన్నెండేళ్ళ పిల్లాడు, తండ్రి గ్రీకు సముద్ర దేవుడు పొసైడన్, తల్లి మామూలు మనిషి. ఎద్దు తల రాక్షసుడు మీద పడినప్పుడు ఆ తల్లి వాడి కళ్ళముందే బంగారు వెలుగైపోయి మాయమవుతుంది. మరోపక్క దేవతల రాజు జ్యూస్ ఆయుధమైన పిడుగుని ఎవరో కొట్టేశారు, అనుమానం పాతాళాన్ని ఏలే దేవుడు హేడీస్ మీద. దాన్ని వెతుకుతూ పిల్లాడు లాస్ ఏంజెలెస్ కింద ఉన్న పాతాళంలోకి దిగుతాడు, మనసులో మాత్రం అమ్మే. ఆఖరికి అమ్మ క్షేమంగా ఇంటికొచ్చేస్తుంది.

నా గొడవంతా ఆ ఆఖరి వాక్యంతోనే. గ్రీకు కథల్లో అక్కడికి వెళ్ళినవాడు ఉత్త చేతులతోనే వస్తాడు. చచ్చిన భార్య యూరిడిసీ కోసం వెళ్ళిన ఆర్ఫియస్, చూడకూడదన్నా వెనక్కి తిరిగి చూశాడు, ఆమె పోయింది. వీరుడు ఒడిస్సియస్ చచ్చిపోయిన తన తల్లి నీడని మూడుసార్లు పట్టుకోబోతే మూడుసార్లూ చేతుల్లోంచి జారిపోయింది. చచ్చినవాణ్ణి బతికించినందుకు వైద్యుడు అస్క్లెపియస్‌ని జ్యూస్ పిడుగేసి చంపాడు. అంత కఠినమైన రూలుని పిల్లలు బాధపడతారని సడలించేస్తే ఇక పాతాళం దాకా వెళ్ళడం దేనికి? అమ్మని ఏ జైల్లోనో పెడితే సరిపోయేది కదా.

రెండో_అట్ట:
అసలు ఆవిడ చావలేదండీ. ఇంకా చావలేదని హేడీసే చెప్తాడు, పిల్లాణ్ణి లొంగదీసుకోవడానికి పట్టి ఉంచుకున్నాడంతే. మీరు ఆఖరి వాక్యం పట్టుకున్నారు గానీ ముత్యాల సీన్ వదిలేశారు. వాడి దగ్గర ఉన్నవి మూడే ముత్యాలు, ఒక్కో ముత్యం ఒక్కరినే బయటపడేస్తుంది. దిగింది వాడూ, స్నేహితులు గ్రోవర్, అనబెత్ కలిపి ముగ్గురు, అమ్మతో కలిపి నలుగురు. నన్ను వదిలేసి మీరు వెళ్ళండని గ్రోవర్ అంటాడు, కాదు నేనుంటానని అనబెత్ అంటుంది, వాడు ఇద్దరి మాటా వినకుండా ఎవరి కోసం అంత దూరం వచ్చాడో ఆ అమ్మనే అక్కడ వదిలేసి, మళ్ళీ వస్తానని చెప్పి పైకొచ్చేస్తాడు. తరవాత యుద్ధదేవుడు ఆరీస్‌తో కొట్లాడి, హేడీస్ పోగొట్టుకున్న శిరస్త్రాణాన్ని (దాన్ని కూడా కొట్టేశారు) తిరిగి పంపిస్తే, అప్పుడు ఆయన ఆవిడని వదిలాడు. ఆర్ఫియస్ నమ్మలేక తిరిగి చూశాడు, వీడు చూడకుండా వచ్చేశాడు. ఇందులో రూలు సడలించింది ఎక్కడ?

2010 సినిమాలో మాత్రం గ్రోవర్‌ని అక్కడ ఉంచేసి అమ్మని తెచ్చేసుకుంటారు. దాని మీద తిట్టండి, నేనూ తోడొస్తాను.

ఇసుకతిన్నె:
సీన్ బాగుంది, కాదనను. కానీ "చావలేదు, దాచిపెట్టారంతే" అనేది మన టీవీ సీరియల్ వాళ్ళ పద్ధతి. పుస్తకంలో సగానికి పైగా నన్ను ఆవిడ చచ్చిపోయిందనే భయంతో నడిపించి, తీరా చూస్తే ఎవరూ పోలేదంటే ఎలా?

కందిపొడి:
గ్రీకుల్లో ఎవరూ వెనక్కి రాలేదని ఎవరన్నారు? ఆల్కెస్టిస్ రాలేదా? యూరిపిడిస్ క్రీ.పూ. 438లోనే నాటకం వేశాడు. ఫెరే రాజు అద్మెటస్‌కి చావు దగ్గరపడింది, బదులు ఎవరైనా చస్తే నువ్వు బతుకుతావన్నారు. ముసలి తల్లిదండ్రులు మా వల్ల కాదన్నారు, భార్య ఆల్కెస్టిస్ ఒప్పుకుంది. సరిగ్గా అప్పుడే ఇంటికి అతిథిగా వచ్చిన మహాబలుడు హెరాక్లీస్ తిని తాగి, సంగతి తెలిశాక సమాధి దగ్గర కాపుకాసి మృత్యువుతో కుస్తీపట్టి ఆమెను తెచ్చేశాడు. ముసుగేసి తీసుకొస్తాడు, ఆమె ఒక్క ముక్క మాట్లాడదు, మూడో రోజు దాకా మాట్లాడకూడదట. నాకైతే ఆ మౌనం చూస్తే ఆర్ఫియస్ కథ కంటే ఎక్కువ భయమేస్తుంది.

ఇంకోటి. ప్లేటో 'సింపోజియం'లో ఫేడ్రస్ అనేవాడు ఆర్ఫియస్‌ని ఏకిపారేస్తాడు. ప్రేమ కోసం చచ్చే ధైర్యం లేక బతికుండగానే పాతాళంలో దూరే ఉపాయం చూసుకున్నాడు కాబట్టి దేవతలు అతనికి భార్య నీడని మాత్రమే చూపించి పంపేశారని, ఆల్కెస్టిస్ నిజంగా ప్రాణం ఇచ్చింది కాబట్టి ఆమెను వదిలారని అంటాడు. అంటే ఈ తగువు ఏథెన్స్‌లో అప్పటికే ఉంది. రూలంటూ ఒక్కటి లేదు, ఏం ఇచ్చి తెచ్చుకున్నావన్నదే లెక్క.

బెంచీ_చివర:
యముడితో వాదించి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకున్న సావిత్రి కథ వింటూ పెరిగాం. యమగోల నుంచి యమదొంగ దాకా హీరోలు యమలోకానికి వెళ్ళి నానా యాగీ చేసి వస్తుంటే ఈలలేశాం. మనమేం పాడైపోయాం? పిల్లల్ని చదువుకోనివ్వండి స్వామీ.

నీలిసిరా:
మొదటి భాగం దగ్గరే తగువు పెట్టుకుంటే ఎలాగండీ, ఈ ప్రశ్నకి ఆ సిరీస్‌లో అసలు జవాబు హేడీస్ కొడుకు, 'నీకో' అనే పిల్లాడి దగ్గరుంది. మూడో భాగంలో (2007) వాడి అక్క బియాంకా చనిపోతుంది. ఇది నిజం చావు, దాచిపెట్టడాలేం లేవు. నాలుగో భాగంలో వాడు అక్కని వెనక్కి తేవాలని పిచ్చెక్కి తిరుగుతుంటాడు. ప్రాణానికి ప్రాణం ఇస్తే సరిపోతుందని మైనాస్ రాజు దెయ్యం వాణ్ణి ఊరిస్తుంటుంది. అక్కడో సీన్ ఉంది, సమాధుల దగ్గర గొయ్యి తవ్వి అందులో కోక్ పోస్తాడు, బర్గర్లు పడేస్తాడు. పాతకాలంలో అయితే జంతువుల రక్తం పోసేవాళ్ళమని దెయ్యం సణుగుతుంది, వాళ్ళకి రుచి తేడా తెలీదులే అని వీడంటాడు. ఒడిస్సియస్ గొర్రెల రక్తం పోసిన గొయ్యే అది, నవ్వొస్తుంది, కానీ ఆ పిల్లాడి ఒంటరితనం చూస్తే నవ్వు ఆగిపోతుంది. ఆఖరికి బియాంకా నీడ వచ్చి నన్ను తేవొద్దు, నీ కోపం వదులుకో అంటుంది. ఇసుకతిన్నె గారు అడిగిన కఠినమైన రూలు ఇదే కదా.

అయితే అవతలి పక్షానికి కూడా ఒకటి ఇస్తాను. తరవాతి సిరీస్‌లో, 2011లో వచ్చిన పుస్తకంలో, ఇదే నీకో పాతాళం నుంచి ఒకరిని నిజంగానే తెచ్చేశాడని తెలుస్తుంది. అక్క కోసం వెళ్తే అక్క అప్పటికే మరో జన్మకి వెళ్ళిపోయింది, దొరికింది హేజెల్, 1942లో అలాస్కాలో చనిపోయిన పిల్ల. ఆ పిల్ల పుస్తకమంతా దొంగ టికెట్‌తో రైలెక్కినట్టు బతుకుతుంది, ఎప్పుడెవరు దింపేస్తారో అన్న టెన్షన్. తీరా మృత్యుదేవత ఎదురైతే నీ పేరు నా జాబితాలో లేదంటాడు. హేడీస్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడన్నమాట.

ఇసుకతిన్నె:
హేజెల్ సంగతి నాకు నచ్చింది, ఆ పిల్ల తిరిగొచ్చినందుకు రోజూ ఏదో ఒకటి కడుతూనే ఉంది. మరి అదే సిరీస్‌లో 2014 నాటి భాగంలో లియో అనే కుర్రాడి సంగతి? చచ్చిపోతాడు, అస్క్లెపియస్ మందు గుచ్చితే లేచి కూర్చుంటాడు. ఏ మందుకైతే తయారుచేసినవాణ్ణి జ్యూస్ కాల్చేశాడో అదే మందు! ఈసారి పిడుగు పడలేదేం?

కందిపొడి:
లియో విషయంలో నా దగ్గర జవాబు లేదు. అది అభిమానుల కోసం చేసిన పనే.

పాత_లైబ్రరీ:
నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూస్తాను. మీ అందరి మాటా వింటుంటే నాకో చిక్కు కనపడుతోంది. ఈమధ్యే నాన్న పోయిన పిల్లాడొకడు ఈ సిరీస్ అడుగుతున్నాడు, మొదటి భాగం ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు. పాతాళానికి వెళ్తే అమ్మ దొరికింది అన్న కథ ఇప్పుడు వాడికెందుకని. అలాగని ఇవ్వకపోతే వేరే ఎక్కడో తెచ్చుకుంటాడు.

రెండో_అట్ట:
ఇచ్చేయండి మేడమ్. కథలో జరిగింది తన ఇంట్లో జరగదని వాడికి మనకంటే బాగా తెలుసు.

ఇసుకతిన్నె:
ఇవ్వండి, కానీ మొదటిదొక్కటే ఇచ్చి ఊరుకోకండి. మూడు, నాలుగు కూడా రెడీగా పెట్టుకోండి. మొదటిదాని దగ్గర ఆగిపోతే నేను ఇందాక గొడవపెట్టిన ముగింపే వాడికి మిగులుతుంది.

నీలిసిరా:
మూడోది చదివేటప్పుడు మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండండి మేడమ్. బియాంకా పోయిన వార్త నీకోకి చెప్పే చోటు పెద్దవాళ్ళకే కష్టంగా ఉంటుంది.