రోజూ బ్యాగులో ఉండే లెన్స్: ఎఫ్/1.4 బరువు మోయాలా, ఎఫ్/2.8తో సరిపెట్టుకోవాలా?

చార్మినార్_నడక
అందరికీ నమస్కారం. నాది కెనాన్ 200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ఆఫీసు అయ్యాక రోజూ ఓ గంట పాతబస్తీలో తిరుగుతూ ఫోటోలు తీస్తాను. పొద్దుగూకితే చాలు, సగం ఫోటోలు కదిలిపోయి వస్తున్నాయి. జూమ్ చేసే కొద్దీ ఆ లెన్స్ ఎఫ్/5.6కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది). ఇక ఒక ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కొనాల్సిందే అనుకుని రెండు చూసి పెట్టుకున్నాను. సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 ఆర్ట్ ఒకటి, కెనాన్ 24 ఎంఎం ఎఫ్/2.8 పాన్‌కేక్ (బాగా పలచటి లెన్స్) ఒకటి. మొదటిది 435 గ్రాములు, రెండోది 125. కెమెరా బాడీయే బ్యాటరీతో కలిపి 449 గ్రాములు. ఇవి కాక బ్యాగులో లాప్‌టాప్, టిఫిన్ బాక్స్ ఉంటాయి. రోజూ మోసేవాళ్లు మీ అనుభవం చెప్పండి.

గాజులగల్లీ
ఆ సిగ్మా నా దగ్గర మూడేళ్ల నుంచి ఉంది. లెన్స్‌కు వంక పెట్టడానికి లేదు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి "ఇవాళ వద్దులే" అనుకుని బీరువాలో పెట్టి వెళ్లిన రోజులే ఎక్కువయ్యాయి.

ఇంకో సంగతి. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. లక్కను వేడి చేసి మెత్తబరిచి, చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటే తీసి గాజుకు అద్దుతున్నారు. అర మీటరు దూరం నుంచి ఎఫ్/1.4లో తీశాను. లెన్స్ అంతగా తెరిస్తే, అంత దగ్గర్లో స్పష్టంగా వచ్చేది ముందూ వెనకా కలిపి ఒకటిన్నర సెంటీమీటరే. రాయి వచ్చింది, రాయిని పట్టిన గోరు వచ్చింది. గాజు అవతలి అంచు కరిగిపోయింది. ఆయన ముఖం ఎవరిదో పోల్చుకోలేం. నాకు కావాల్సింది ఆయన పనితో పాటు ఆయన కూడా. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెంచి ఎఫ్/4కి వెళ్లాక మనిషి కనిపించాడు. అక్కడ ఆ 1.4 నాకు ఏ సాయమూ చేయలేదు.

బుజ్జిగాడి_నాన్న
గాజులగల్లీ గారూ, మీ మాట వీధి వరకు ఒప్పుకుంటాను. ఇంట్లో మాత్రం లెక్క వేరు. మా వాడికి రెండేళ్లు, కాలు నిలవదు. సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైటు వెలుగే దిక్కు. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గితే వాడి చేతులు సాగిపోయి వస్తాయి. ఎఫ్/1.4లో ఐఎస్ఓ 1600తో వచ్చే ఫోటోకి ఎఫ్/2.8లో 6400 పెట్టాలి. ఎఫ్/5.6 అయితే ఏకంగా 25,600, ఫోటో నిండా గరుకే. కిట్ లెన్స్‌లో స్టెబిలైజర్ ఉందిగా అంటారు. అది మన చేతి వణుకును ఆపుతుంది, పరిగెత్తే పిల్లాడిని ఆపదు. వాడి మొదటి ఏడాది ఫోటోలు సగం అలాగే పాడయ్యాయి, ఆ రోజులు మళ్లీ రావు కదా. పిల్లలున్న ఇంటికి 435 గ్రాములు ఒక బరువే కాదు.

ఎండలో_అనంత
మాది అనంతపురం. ఇక్కడ సమస్య చీకటి కాదు, ఎండ. మిట్ట మధ్యాహ్నం ఐఎస్ఓ 100లో ఎఫ్/16కి షట్టర్ 1/100 పడుతుందనేది పాత లెక్క. అదే వెలుగులో ఎఫ్/1.4 తెరిస్తే 1/12,800 కావాలి. మీ 200డి 1/4000 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) కూడా కొని మోయాలి. ఎఫ్/2.8కి 1/3200 చాలు, ఏ ఫిల్టరూ అక్కర్లేదు. వేరుశనగ కళ్లాల దగ్గర పగలంతా తిరిగే నేను ఎఫ్/4 కంటే ఎక్కువ తెరిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సియాటిల్_చినుకు
ఇక్కడ డిసెంబరులో నాలుగున్నరకే సూర్యాస్తమయం అయిపోతుంది, పైగా రోజూ ముసురు. నాది ఫ్యూజీ. అందులో ఫాస్ట్ లెన్స్ (ఎక్కువ వెలుగు పట్టేది) అంటే బరువే అన్న మాట ప్రతిసారీ నిజం కాదు. 35 ఎంఎం ఎఫ్/1.4 187 గ్రాములు, ఎఫ్/2 170 గ్రాములు. తేడా 17 గ్రాములే. అయినా నేను ఎఫ్/2నే ఉంచుకున్నాను. పాత 1.4కి ఫోకస్ నిదానం, మోటారు చప్పుడు కూడా వినిపిస్తుంది. ఎఫ్/2కి చినుకులు తట్టుకునే సీలింగ్ ఉంది. అందుకే వాన పడుతున్నా కెమెరా కోటు కింద దాచకుండా నడుస్తాను. ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుతురు కంటే నాకు అదే ముఖ్యమైంది.

గాజులగల్లీ
చార్మినార్ గారూ, కొనే ముందు ఒక పని చేయండి. కిట్ లెన్స్‌ని 24 దగ్గర పెట్టి, జూమ్ రింగు కదలకుండా టేపు వేసి వారం తిరగండి. బ్యాగులో రోజూ ఉండేవి కాక అర లీటరు నీళ్ల సీసా ఒకటి అదనంగా వేసుకోండి. సిగ్మా బరువు దానికి కాస్త తక్కువ, అంతే. నాలుగో రోజు కూడా సీసా బ్యాగులోనే ఉంటే సిగ్మా కొనేయండి.

చార్మినార్_నడక
మూడు వారాలయింది. సీసా మూడో రోజే ఇంట్లో ఉండిపోయింది. పాన్‌కేక్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, తీసుకున్నాను. లెన్స్ మందం 23 మిల్లీమీటర్లు కూడా లేదు, టిఫిన్ బాక్స్ పక్కన ఇట్టే ఇమిడిపోతోంది. నిన్న ఏడున్నరకి మిర్చి బజ్జీల బండి దగ్గర ఎఫ్/2.8, 1/60, ఐఎస్ఓ 3200. శనగపిండిలో ముంచిన చెయ్యి కాస్త సాగింది, కానీ ఆవిడ ముఖం, మూకుడు మీది ఆవిరి, వెనక నిలబడ్డ జనం అన్నీ వచ్చాయి. ఆ సాగిన చెయ్యి నాకు నచ్చింది కూడా.

పక్క సందులో ఒకే బల్బు కింద క్యారమ్స్ ఆడుతున్న కుర్రాళ్ల దగ్గర మాత్రం ఓడిపోయాను. ఒక్కటీ నిలవలేదు. అక్కడ బుజ్జిగాడి నాన్నగారి మాటే నిజం. గాజులగల్లీ గారూ, బీరువాలో ఉన్న ఆ సిగ్మా రంజాన్ నెలలో ఒక వారం ఇస్తారా?

గాజులగల్లీ
తప్పకుండా. ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి. ఛార్జర్, స్పేర్ బ్యాటరీ మీవే తెచ్చుకోండి.