ఎండాకాలంలో 1/24 కారు బాడీకి స్ప్రే: రంగు గరుకుగా తేలుతోంది, అద్దం మసకబారింది

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
అందరికీ నమస్కారం. టమియా కంపెనీ 1/24 కిట్టు, అంటే నిజం కారులో 24వ వంతు ఉండే ప్లాస్టిక్ మోడల్. బాడీకి వాళ్ళదే టీఎస్-8 ఇటాలియన్ రెడ్ స్ప్రే డబ్బా. విమ్ నీళ్ళతో కడిగి, బూడిద రంగు ప్రైమర్ (రంగు కింది పూత) కొట్టి, 1000 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి, మధ్యాహ్నం మూడింటికి మిద్దె మీద స్ప్రే. బానెట్టు, టాపు బాగున్నాయి. తలుపుల కింద, వెనక బంపరు దగ్గర రంగు గరుకుగా తేలింది. నాలుగు సందేహాలు. రంగంతా తీసెయ్యాల్నా? ఫెవిక్విక్‌తో అతికించిన ముందు అద్దం అంచుల్లో తెల్లగా మసక, అది పోతుందా? డెకాల్ (తడిపి బాడీకి అంటించే బొమ్మ) నీళ్ళలో వేస్తే మూడు ముక్కలైంది, ఎందుకు? పైన క్లియర్ (రంగు లేని మెరుపు పూత) ఏది కొట్టాలి?

అనంత_ధూళి (అనంతపురం)
మూడింటికి మిద్దె మీద కొడితే ఇంగేమొస్తాదన్నా. ఆ వేడికి డబ్బాలో ఒత్తిడి పెరుగుతాది, తుంపర మరీ సన్నగా వస్తాది, బాడీని తాకేలోపే అందులోని ద్రావకం ఆవిరైపోతాది. రంగు పొడిగా పడతాది. టాపుకు, బానెట్టుకు తుంపర నేరుగా తగిలింది కాబట్టి బాగున్నాయి. పక్కలకు చేరింది గాల్లో తిరిగొచ్చిన దుమ్మే.

తీసెయ్యొద్దు. ఒక రోజు ఆరనిచ్చి, నీళ్ళలో చుక్క విమ్ వేసి, 1500 తర్వాత 2000 వాటర్ పేపరు తేలిగ్గా పట్టు. అంచుల మీద, గీతల మీద పట్టొద్దు, ప్రైమరు బయటపడతాది. మళ్ళీ కొట్టేది ఉదయం అయిదున్నరా ఏడు మధ్య, గాలి లేవకముందే. దూరం 15 సెంటీమీటర్లు. మొదట చక్రాల గుంతల అంచులు, తలుపుల కింది భాగం, బంపర్ల మూలలు, తర్వాత పక్కలు, టాపు చివర్న. అందరూ టాపుతో మొదలుపెడతారు, అందుకే కిందంతా గరుకు. రెండు పలుచని కోట్లు, పది నిమిషాల ఎడం, మూడోది తడి కోటు. తడి కోటంటే వెలుతురుకు అడ్డంగా చూస్తే మెరుపు కలిసిపోతా కనపడాల, కారకూడదు.

డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో పెట్టమని వీడియోల్లో చెప్తారు. అది చలి దేశాల మాట. మనకు ఏప్రిల్, మేలో ఆ పని వద్దే వద్దు. 50 డిగ్రీలు దాటనియ్యొద్దని డబ్బా మీదే రాసుంటాది.

రంగుల_షెడ్డు (కడప)
ఆ చిన్న 100 మిల్లీ డబ్బాకు అంత డబ్బెందుకు పోసేది అబ్బీ? పదిహేనేండ్లుగా నిజం కార్లకు రంగు కొట్టే చెయ్యి నాది, సూత్రమంతా ఒకటే. ఆటో పెయింట్ అంగడిలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు పావు లీటరు, ఎన్‌సీ థిన్నరు ఒక లీటరు తెచ్చుకో. రంగు ఒకటికి థిన్నరు ఒకటిన్నర. ఎయిర్‌బ్రష్ (చిన్న స్ప్రే గన్ను) 0.3 మిల్లీమీటర్ల నాజిలు, గాలి ఒత్తిడి 18 పీఎస్ఐ. పావు లీటరుతో ఎన్ని బాడీలు కొట్టొచ్చో లెక్కేసుకో.

అనంత_ధూళి (అనంతపురం)
కొత్తగా వచ్చినోళ్ళకు ఇట్లాంటివి చెప్పొద్దన్నా. కిట్టు పాలీస్టైరీన్ ప్లాస్టిక్. టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు సీసాలో ఉండేది అసిటోను, బ్యూటైల్ అసిటేటు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే గ్లూ అది. ఆ జాతి ద్రావకాలే ఎన్‌సీ థిన్నర్లో టోలుయీనుతో కలిసి ఉంటాయి. గ్లూను బాడీ అంతా పూసినట్టే. పైన సన్నటి పగుళ్ళు సాలెగూడు మాదిరి లేస్తాయి, తలుపుల గీతలు పూడిపోతాయి.

రంగుల_షెడ్డు (కడప)
మరి టమియా లాకర్ థిన్నర్లో ఏముందో చెప్పు. అదీ లాకరే, అదీ ప్లాస్టిక్‌ను పట్టేదే. కొంచెం పట్టాల, అప్పుడే రంగు ఊడిరాదు. ప్రైమరు మీద పొగ మాదిరి పలుచగా మూడు సార్లు కొడితే థిన్నరు ప్లాస్టిక్‌ దాకా దిగే టైమే ఉండదు. అందులో మన ఎండకు క్షణంలో ఆరిపోతాది.

అనంత_ధూళి (అనంతపురం)
అదే నేను అంటాండేది! క్షణంలో ఆరిపోతే గరుకు. గరుకు పోవాలంటే తడి కోటు కొట్టాల. తడి కోటు కొడితే థిన్నరు నిలుస్తాది, ప్రైమరు పలుచగా ఉండే అంచుల్లో దిగి కొరుకుతాది. మన వేడిలో ఎన్‌సీకి ఈ రెంటి మధ్య సందే లేదు. అందుకే రిటార్డరు (ఆరడాన్ని నిదానం చేసేది) ఉండే థిన్నరు కావాల: టమియా లాకర్ థిన్నర్ రిటార్డర్ టైపు గానీ, మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ గానీ. అవి నిదానంగా ఆరతాయి, రంగు చదునుగా పరుచుకుంటాది.

నల్లమల_1బై25 (కర్నూలు)
ఇద్దరూ తిట్టుకునే బదులు పరీక్ష చెయ్యండి. ప్లాస్టిక్ స్పూన్ల మీద కొట్టి చూడమని పాత సలహా. 2022 జులై 1 నుంచి అవి నిషేధం, అంగట్లో దొరికినా ఏ ప్లాస్టిక్కో తెలీదు. అదే కిట్టు స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క వాడండి, దాని మీద కిట్టు నంబరు ఉండే వెడల్పు చోటు. సగం మీద ప్రైమరు, సగం ఉత్త ప్లాస్టిక్, రెంటి మీదా 400 పేపరుతో ఒక గీత గీసి రంగు కొట్టండి. మరుసటి రోజు గీత వెడల్పైతే థిన్నరు కొరికినట్టు. ఇంక దాని గురించి వాదన ఉండదు.

ఇంకో మాట, పాత అమెరికన్ కిట్ల టైర్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆ మెత్తటి వినైలు టైర్లలోంచి మెత్తదనం ఇచ్చే ప్లాస్టిసైజరు కారి రిమ్మును, ఆనుకుని ఉంటే బాడీని, అద్దాలను కరిగిస్తుంది. చల్లటి ఊళ్ళలో ఏళ్ళు పట్టేది మన మిద్దె గదుల వేడికి తొందరగా అవుతుంది. కిట్టు కొన్నరోజే టైర్లు తీసి వేరే కవర్లో పెట్టాలి. బిగించేటప్పుడు రిమ్ముకు చుట్టూ వంటింటి ఫాయిల్ ఒక చుట్టు.

రంగుల_షెడ్డు (కడప)
పరీక్షలు పిల్లోల్లకు. చెయ్యి ఉన్నోడికి అక్కర్లా.

పెన్న_ఇసుక (కడప)
చెయ్యి ఎంత మంచిదైనా ఆటో అంగడి మెటాలిక్ 1/24 మీద పనికిరాదన్నా. అందులో అల్యూమినియం రేకులు నిజం కారుకు సరిపోయే సైజువి. 24 రెట్లు చిన్న కారు మీద చమ్కీ అద్దినట్టు ఉంటాది. టచప్ సీసాలదీ ఇదే కథ. ఉత్త రంగులైతే సరే, సిల్వరుకు, గ్రేకు మాత్రం మోడల్ రంగే కొనాల.

డెకాల్ సంగతి. మూడు ముక్కలయిందంటే పాతదై పైపొర ఎండిపోయింది. మిగిలిన షీటు మీద క్లియర్ రెండు పలుచని కోట్లు కొట్టి, ఆరినాక ఒక్కోటి అంచు దగ్గరగా కత్తిరించు. మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ దొరికితే ఇంకా మేలు. బోరు నీళ్ళు వాడొద్దు. మన నీళ్ళలో ఉండే సున్నం డెకాల్ కింద తెల్లమచ్చగా నిలుస్తాది, పైన క్లియర్ పడినాక ఏం చేసినా పోదు. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ వాటర్ చాలు. పది సెకన్లు ముంచి, తీసి, టిష్యూ మీద ఒక నిమిషం. డెకాల్ కింద అది అంటుకునేదానికి మైక్రో సెట్, పైన దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్ ద్రవం. సోల్ వేసినాక ముడతలు పడతాది, వేలు పెట్టొద్దు, అదే సర్దుకుంటాది. ఫ్యాను ఆపు, లేకుంటే సోల్ పని చేసేలోపే ఆరిపోతాది.

డెకాల్ షీటు పసుపు తిరిగుంటే కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అంటించు. మన ఎండకు తెల్లబడతాది. ఈ ఎండతో అయ్యే మంచి పని అదొక్కటే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
బ్యాటరీ వాటర్ సంగతి తెలియలేదు, ధన్యవాదాలు. అద్దం మసక గురించి, క్లియర్ గురించి ఎవరైనా చెప్పండి.

రంగుల_షెడ్డు (కడప)
క్లియర్ అంటే 2కే క్లియర్, రెండు భాగాలు కలిపి కొట్టేది. ఇంకోటి లేదు. హార్డనరు కలిపినాక అద్దం మాదిరి వస్తాది, పెట్రోలు తగిలినా పోదు. కలిపే పాళ్ళు డబ్బా మీద ఎంతుంటే అంతే, రెండుకొకటో నాలుగుకొకటో. కంటి అంచనా పనికిరాదు, సిరంజితో కొలువు. వేసవిలో స్లో హార్డనరు అడిగి తీసుకో, ఫాస్టు తెస్తే గన్నులోనే గడ్డకడతాది. ఎయిర్‌బ్రష్ అయిపోయిన వెంటనే కడగాల, ఒక్క అరగంట ఆలస్యమైనా నాజిలు పోతాది.

అనంత_ధూళి (అనంతపురం)
ఈ మాట ఒప్పుకుంటా, 2కే మెరుపు దేనికీ రాదు. కానీ మాస్కు మాట చెప్పకుండా వదిలేస్తివే? ఆ హార్డనర్లో ఐసోసయనేటు ఉంటాది. ఊపిరికి ఒకసారి పడకుండా పోతే జన్మంతా ఉబ్బసం. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. ద్రావకాల ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉండే రెస్పిరేటరు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, అదీ బయట. ఇంట్లో పిల్లలుంటే 2కే వద్దనే చెప్తా.

టమియా టీఎస్-13 క్లియర్ డబ్బా చాలు. అయితే అదీ ఘాటే, డెకాల్ మీద ఒకేసారి తడిగా కొడితే ముడుచుకుపోతాది. మూడు పొగ కోట్లు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, ఆ తర్వాతే తడి కోటు. వారం ఆరనిచ్చి 3000 పేపరు, ఆపై పాలిష్.

రంగుల_షెడ్డు (కడప)
మాస్కు సంగతి షెడ్డులో ప్రతివాడికీ తెలుసు, నువ్వు నేర్పాల్సిన పని లేదు.

నల్లమల_1బై25 (కర్నూలు)
ఇక్కడ అడిగింది షెడ్డువాళ్ళు కాదు కదా. చెప్పడంలో తప్పేముంది.

అద్దం: ఫెవిక్విక్ ఆవిరి పోయి అద్దం మీద గడ్డకట్టిన పొర అది. పైపైనే ఉంటే రబ్బింగ్ కాంపౌండు మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దితే పోతుంది. అద్దాలకు ఎప్పుడూ తెల్ల ఫెవికాలే. అగ్గిపుల్ల మొనతో అంచుకు సన్నగా పెట్టి, పొంగింది తడి దూదితో తుడవాలి. ఆరితే కనపడదు.

పెన్న_ఇసుక (కడప)
ఇంకొకటి, బూడిద ప్రైమరు మీద ఎరుపు ముదురుగా, మట్టి రంగులో వస్తాది. ఇటాలియన్ రెడ్డుకు గులాబీ లేదా తెల్ల ప్రైమరు. మళ్ళీ కొట్టేటప్పుడు అది కూడా మార్చు.

హుండ్రి_వంతెన (కర్నూలు)
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. 1/24లో అంబాసిడర్ స్టైరీన్ (కిట్టు ప్లాస్టిక్కే) షీటుతో కట్టాలనుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2464 మిల్లీమీటర్లు, 24తో భాగిస్తే 102.7. టైర్లు ఎక్కడ దొరుకుతాయి?

నల్లమల_1బై25 (కర్నూలు)
1/25లో కట్టు. వీల్‌బేస్ 98.6 వస్తుంది, పాత అమెరికన్ కిట్ల టైర్లు ఎక్కువగా ఆ స్కేలువే, సన్నటి టైర్లు అందులోనే దొరుకుతాయి.

అనంత_ధూళి (అనంతపురం)
టైర్ల కోసం స్కేలు మార్చడం ఎక్కడన్నా ఉందా. షెల్ఫులో మిగతావన్నీ 1/24 ఉంటే పక్కన నాలుగు శాతం చిన్నగా కనపడతాది. అంబాసిడర్ రిమ్ము 15 అంగుళాలు, 381 మిల్లీమీటర్లు, 1/24లో 15.9. ఆ కొలతకు రిమ్ము రెజిన్‌లో 3డీ ప్రింటు తీయించు, టైరుకు సరిపోయే రబ్బరు ఓ-రింగు హార్డ్‌వేర్ అంగట్లో చూడు. అడ్డుకోత గుండ్రంగా ఉంటాది కాబట్టి నేల తగిలే వైపు 400 పేపరు మీద చదును చెయ్యాల.

పెన్న_ఇసుక (కడప)
బానెట్టు, డిక్కీ ఒంపులు షీటు వంచితే రావు. కర్ర గానీ లప్పం గానీ మూస చేసుకుని, వేడి చేసిన 1 మిల్లీమీటరు షీటు దాని మీద గుంజాల. ఛాసిస్ చదును చూసేదానికి పాలిష్ పట్టిన కడప బండ ముక్క ఒకటి టేబులు మీద పెట్టుకో. దాని మీద వాటర్ పేపరు పరిచి బాడీ అడుగును రుద్దితే నాలుగు మూలలూ సమంగా దిగుతాయి. గ్రానైటు అంగడి వాళ్ళ దగ్గర ముక్కలు పడుంటాయి, అడుగు పొడుగు చాలు.

రంగుల_షెడ్డు (కడప)
అంబాసిడరైతే తెలుపు. తెలుపు ఎన్‌సీలో ఒక్క చుక్క నలుపు, ఒక్క చుక్క పసుపు కలపాల, లేకుంటే బొమ్మ మాదిరి ఉంటాది. లప్పం ఎన్‌సీది మాత్రం వాడొద్దు, ఆరినాక కుంచించుకుపోయి రంగు కింద గుంత తేలతాది. రెండు భాగాలు కలిపే పాలిస్టర్ లప్పం, అదీ పలుచగా, రెండు సార్లు.

హుండ్రి_వంతెన (కర్నూలు)
పాలిస్టర్ లప్పం స్టైరీన్‌ను కరిగించదా?

అనంత_ధూళి (అనంతపురం)
అందులో స్టైరీన్ ద్రావకమే ఉంటాది, 1 మిల్లీమీటరు షీటు మీద మందంగా పెడితే వేడెక్కి వంకర పోతాది. లోపలి వైపు ముందే అడ్డపట్టీలు అతికించుకో, 20 మిల్లీమీటర్లకు ఒకటి.