లేత్ మిషన్ పని దగ్గరుండి చూడనిచ్చే వాళ్లెవరైనా ఉన్నారా?

నమస్కారం అండీ. మాది కూకట్‌పల్లి. మా తమ్ముడు ఈ ఏడాది టెన్త్ రాశాడు. నాన్న ఇంటర్ ఎంపీసీ అంటున్నారు. వాడేమో బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా అంటున్నాడు, అంటే ఫ్యాక్టరీల్లో వాడే పనిముట్లు, అచ్చులు తయారుచేసే చదువు. అది 4 ఏళ్లు. మామూలు పాలిటెక్నిక్ అయితే 3 ఏళ్లు, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

నా భయమల్లా ఒక్కటే. వాడు ఇప్పటిదాకా చూసిందంతా యూట్యూబ్‌లోనే. సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్) ఇనుప దిమ్మెను వెన్నలా కోస్తుంటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. కానీ రోజంతా నిలబడటం, కోసేటప్పుడు వేడి తగ్గడానికి పోసే కూలెంట్ వాసన, చెవులు హోరెత్తే చప్పుడు, మైక్రోమీటర్‌తో మిల్లీమీటర్‌లో వందో వంతు దాకా కొలిచి, తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టడం... ఇవన్నీ చూశాక కూడా వాడికి ఇష్టముంటే నాన్నతో నేనే మాట్లాడతాను. మా బంధువుల అబ్బాయి ఒకడు ఎవరో చెప్పారని బ్రాంచ్ తీసుకుని, రెండో ఏడాదిలో మానేశాడు. ఆ ఇంట్లో బాధ కళ్లారా చూశాను.

బాలానగర్, జీడిమెట్ల వైపు వర్క్‌షాప్ ఉన్నవాళ్లు నాలుగైదు రోజులు వాణ్ని పక్కన నిలబడి చూడనిస్తారా? వాడికి 15 ఏళ్లే, మిషన్ ముట్టుకోడు. నేనూ తోడుగా వస్తాను.

డై మేకింగ్‌లో పనిచేసేవాళ్లు మొదట్లో ఏది కష్టమనిపించిందో చెప్పండి, ప్లీజ్. ఇంట్లో ఏం చేయించి చూడొచ్చు? వెర్నియర్ కాలిపర్ కొనిచ్చాను, గిన్నెల మూతలన్నీ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.