కొత్త ఇంటి పెరడు: జేసీబీతో గీకించాలా, ఏడాది ఆగి చూడాలా?

కొత్తిల్లు: తిరుచానూరు వైపు పాత ఇల్లు కొన్నాం. వెనక మూడు సెంట్ల పెరడు. మోకాలెత్తు వయ్యారిభామ, గోడ వెంబడి తుంగ, ఒక పెద్ద బెంగళూరా మామిడి, పేరు తెలియని మొక్కలు కొన్ని. పై మట్టి జానెడు మేర జేసీబీతో గీకించి కొత్త మట్టి తోలించమని కొందరంటారు, ఈ ఏడాది ఏమీ ముట్టుకోవద్దని కొందరంటారు. ఏది మేలు?

మట్టిబెడ్డ: గీకించొద్దు, అన్నా. పెరట్లో సారమున్న మట్టంతా ఆ జానెడే. కింద గట్టి గరుసు ఉంటే వేరు దిగదు, నీరింకదు. మామిడికి మేత తెచ్చే సన్నవేళ్లు పైపైనే పరుచుకుని ఉంటాయి. జేసీబీ బకెట్ పడితే తెగుతాయి, ఆపైన అడుగు మందాన మట్టి పోస్తే మిగిలినవి గాలాడక చస్తాయి. చెట్టు వెంటనే ఎండదు. కొన్నేళ్లకు కొమ్మలు చివర్ల నుంచి ఎండుకొస్తాయి, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. పైగా తోలించే మట్టితోనే తుంగగడ్డలు వస్తాయి.

పచ్చబాట: ముట్టుకోవద్దనడమూ తప్పే. వయ్యారిభామ ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. వాన పడిన మర్నాడు, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. కొడవలితో కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగురేస్తుంది. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆకు తగిలితే దద్దుర్లు, పుప్పొడికి ఆయాసం. పూయనిది కంపోస్టులో వెయ్యొచ్చు, పూసింది మాత్రం వద్దు.
తుంగకు మందే దారి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు 41 శాతం, లీటరు నీటికి 10 మి.లీ. బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే మందు పట్టు తగ్గుతుంది, అందుకే 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ ముందు కలపాలి. ఆరేడు ఆకులతో పచ్చగా ఉన్నప్పుడే కొట్టాలి. ముందు కోసేసి తర్వాత కొడితే గడ్డ దాకా దిగదు. రెండు వారాలు పీకొద్దు.

మట్టిబెడ్డ: కొలత సరే, చోటే సరికాదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతనే కొట్టించాలని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మూడు సెంట్లలో తుంపర గాలికి పోతే పక్కింటి కరివేపాకు కూడా మాడుతుంది. ఇంకో సంగతి, తుంగగడ్డలు మట్టిలో ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. ఆకున్న గడ్డకే మందు దిగుతుంది, నిద్రలో ఉన్నవి తర్వాత లేస్తాయి. రోటవేటర్ (మట్టిని తిరగేసే యంత్రం) తిప్పితే గొలుసు తెగి ఒక్కో గడ్డా ఒక్కో మొక్క అవుతుంది. గడ్డపారతో జానెడున్నర తవ్వి ఏరాలి. తుంగ నీడకు ఓర్వదు కాబట్టి ఏరిన చోట జనుము ఒత్తుగా చల్లాలి. మూడు సెంట్లకు అరకిలో చాలు.

పచ్చబాట: గోడ పునాది సందుల్లో దూరిన గడ్డల్ని ఎవరు ఏరగలరప్పా? మామిడి కింద మందు వద్దంటే ఒప్పుకుంటాను. గోడ వెంబడి మూరెడు బద్దెకు మాత్రం, గాలి లేని పొద్దున, నాజిల్‌కు తుంపర చెదరకుండా హుడ్ (మూత) తగిలించి ఆపరేటర్ చేతనే కొట్టించాలి. అక్కడ నా మాట మారదు.

నీటివాలు: ఇద్దరూ గడ్డి దగ్గరే ఆగిపోయారు. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎట్లా మునిగాయో తెలిసిందే. ఆ వానల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూడకుండా మడులు కట్టొద్దు, బండలు పరచొద్దు. తొందరుంటే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ బొప్పాయి పెట్టొద్దు, మొదలు కుళ్లుతుంది.
మామిడికి కాయకోత అయ్యాక జులై, ఆగస్టుల్లో ఎండుకొమ్మలు, లోపలికి అల్లుకున్నవి తీసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజుమందు) పేస్టు పూయండి. అక్టోబరు దాటాక కోస్తే ఆ ఏటి పూత పోతుంది. ఇంటి పునాదికి ఆనుకుని తవ్వొద్దు, చెదలమందు వేసిన పొర చెదిరిపోతుంది. పేరు తెలియని మొక్కల్లో మూడేసి గుండ్రటి ఆకులున్నది కనిపిస్తే ఎర్రచందనమేమో చూడండి. పెరిగిన చెట్టును కొట్టాలంటే సొంత స్థలంలోనైనా అటవీశాఖ అనుమతి కావాలి.

కొత్తిల్లు: జేసీబీ వద్దని చెప్పేస్తాను. జనుము ఎప్పుడు చల్లేది?

మట్టిబెడ్డ: ఆగస్టు మొదటి వానకు, మామిడి నీడ వదిలేసి. నలభై ఐదు రోజులకు, పూత మొదలయ్యేలోపు కోసి అక్కడే మట్టిలో కలిపేయండి. ముదిరితే కాడ నారబారి తొందరగా కుళ్లదు.