‘మానభంగం’లో పోయే మానం ఎవరిది?

గుణుపురం సభ్యురాలు:
మా మహిళా సంఘాలకి తెలుగులో ఒక చట్టాల కరపత్రం రాస్తున్నానండి. యుద్ధాల్లో ఆడవాళ్ల మీద నేరాలు చేసినవాళ్లకి అంతర్జాతీయ కోర్టుల్లో శిక్షలెలా పడ్డాయో అందులో ఒక పేజీ. ఇక్కడి ఒడియా పేపర్లు రేప్‌ని ‘దుష్కర్మ’ అని వేస్తాయి. తెలుగులో ఆ మాటంటే ఏ పాపమైనా కావచ్చు. ‘మానభంగం’ అని రాసి ఆగిపోయాను. అందులో చేసినవాడు కనిపించడు, పోయిందంతా ఆమెదే.

పర్లాకిమిడి మాస్టారు:
ఆగడమే మంచిదమ్మా. చట్టం కూడా చాలాకాలం ఆ మాటనే పట్టుకు వేలాడింది. యుద్ధం ఎలా చేయాలో చెప్పే 1907 హేగ్ నిబంధనల్లో ఉన్నది ‘కుటుంబ గౌరవం’. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 27వ అధికరణం అత్యాచారాన్ని పేరు పెట్టి చెప్పింది గానీ, స్త్రీ గౌరవం మీద దాడిగానే లెక్కగట్టింది. 1998 సెప్టెంబరు 2న రువాండా ట్రిబ్యునల్ (అక్కడి 1994 ఊచకోత మీద ఐక్యరాజ్యసమితి వేసిన కోర్టు) అకయేసు తీర్పులో ఆ దారి వదిలేసింది: నిర్బంధ పరిస్థితుల్లో మనిషి దేహం మీద లైంగికంగా జరిగే దురాక్రమణ అంది. అత్యాచారం జాతిహననంలో భాగం కాగలదని ఒక అంతర్జాతీయ కోర్టు తేల్చడం అదే మొదలు. అకయేసు టాబా అనే ప్రాంతానికి మేయరు లాంటివాడు. అతని మీద మొదటి అభియోగపత్రంలో అత్యాచారం ఊసే లేదు! సాక్షులు నోరు విప్పాక 1997లో చేర్చారు.

ఇక మానం సంగతి. విరాటపర్వంలో తిక్కన ద్రౌపది కీచకుడితో ఏమంటుంది? ‘గంధర్వుల్ మానముఁ బ్రాణముం గొనుట తథ్యంబు’. అక్కడ పోయే మానం కీచకుడిది. మనమే తర్వాత దాన్ని ఆడదాని నెత్తిన పెట్టాం.

సిరొంచ సభ్యుడు:
పద్యం బాగున్నది సార్. కానీ కోర్టుల పద్యం నడవదు. ఆమె ‘చెరిచిండు’ అంటే గదే రాయాలె. మాట మార్చితే సాక్ష్యమే మారుతది. అకయేసు కేసుల సాక్షులు వాళ్ల భాష కిన్యార్వాండల నాలుగు రకాల మాటలు వాడిన్రు. ఒకటికి అర్థం ‘బలవంతంగ తీసుకునుడు’, ఇంకోటి ‘పక్క పంచుకునుడు’. ఏ సాక్షి ఏ అర్థంల అన్నదో తీర్పుల విడిగ చర్చించిన్రు. మా దిక్కు మరాఠీల ‘అత్యాచార్’ అంటే ఏ దౌర్జన్యమైనా అయితది. తెలుగుల ఒక్క నేరానికే మిగిలింది.

గుణుపురం సభ్యురాలు:
సాక్ష్యానికి ఆమె మాటే సరి, ఒప్పుకుంటాను. కరపత్రం వేరు కదండీ. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి ఆధారమైన రోమ్ శాసనం ఏడో అధికరణంలో అత్యాచారంతో పాటు లైంగిక బానిసత్వం, నిర్బంధ గర్భం, పిల్లలు పుట్టకుండా చేసే బలవంతపు ఆపరేషన్లు కూడా ఉన్నాయి. అన్నిటికీ కలిపి ‘లైంగిక హింస’ అని, ఆ ఒక్కదానికీ ‘అత్యాచారం’ అని పెడతాను. చిక్కంతా అదే కోర్టులో నడిచిన, తిరుగుబాటు దళ నాయకుడు ఆంగ్వెన్ కేసుతో. ఉగాండాలో ఎత్తుకుపోయిన ఆడపిల్లల్ని పెళ్లాలుగా పంచుకున్నందుకు 2021లో అతన్ని దోషిగా తేల్చారు. ‘బలవంతపు పెళ్లి’ అని రాస్తే మా వాళ్లు మేనమామకి కట్టబెట్టడం అనుకుంటారు.

పర్లాకిమిడి మాస్టారు:
గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, నా ఓటు వాడుక మాటకే. కానీ ఇక్కడ ‘పెళ్లి’ మాట తీసెయ్యమ్మా. ‘ఎత్తుకుపోయి పెళ్లాంగా ఉంచుకోవడం’ అని రాయి. కాస్త పొడుగవుతుంది, ఫరవాలేదు.

సిరొంచ సభ్యుడు:
‘ఉంచుకునుడు’ అంటే మా దిక్కు వేరే అర్థమొస్తది సార్. ‘బంధించి’ అని ముంగట పెట్టున్రి.