నత్తలు నీళ్లలో ఉండట్లేదు, ఎవరైనా చెప్పండి

నల్లగొండ: పొద్దున్నుంచి నాలుగు గంటలు దీనితోనే సరిపోయింది. గాజు సీసాలో నీళ్లు పోసి ఎనిమిది చిన్న నత్తలు వేశాం, ఒక్కోటి వేలిగోరంత. వేసిన ప్రతిసారీ పైకి పాకి మూత దగ్గర అతుక్కుంటున్నాయి. కిందికి తోస్తే మళ్లీ అంతే. రెండు అసలు కదలట్లేదు. నీళ్లు మూడుసార్లు మార్చాను. బాబు ఏడుస్తున్నాడు, టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ: ఏం నీళ్లు?

నల్లగొండ: బోరు నీళ్లే.

మునుగోడు: అక్కా, తప్పంతా అక్కడే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ మనిషికే పనికిరాదు. మా నాయన నడుము వంగిపోయింది ఈ నీళ్లతోనే. మీరైనా ముందు మీ బోరు నీళ్లు పరీక్షకు ఇవ్వండి. నత్తల సంగతి తర్వాత, బాబు ఏం తాగుతున్నాడో చూడండి.

దేవరకొండ: ఎక్కడ పట్టారు?

నల్లగొండ: కాకినాడ పోయినప్పుడు. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన పక్కన, బురద మీద ఆకుల కింద ఉన్నాయి.

మిర్యాలగూడ: అది 1978 నుంచి అభయారణ్యం. అక్కడి నుంచి ఆకు కూడా తేకూడదు.

దేవరకొండ: ముందు నీళ్లలోంచి తీయండి. మడ చెట్ల కింద ఎల్లోబియిడే కుటుంబం నత్తలు ఉంటాయి. వాటికి మొప్పలుండవు, గాలే పీలుస్తాయి. పోటు నీళ్లు అందీ అందని ఎత్తులో, తడి ఆకుల చాటున బతుకుతాయి. మన చెరువు నత్తకు మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉంటాయి కాబట్టి దానికి నడుస్తుంది. వీటికి మూత ఉందా?

నల్లగొండ: ఉంది సార్, గట్టిగా బిగించాను.

దేవరకొండ: సీసాకు కాదమ్మా, నత్తకు. లోపలికి ముడుచుకున్నప్పుడు నోటికి బిళ్లలా అడ్డం పడుతుందా? కళ్లు కొమ్ముల మొదట్లో ఉన్నాయా, కొసనా? బిళ్ల ఉంటే అది చెట్లెక్కే లిట్టోరేరియా కావచ్చు, దానికి మొప్ప ఉంటుంది. సీసా మూత మాత్రం ఇప్పుడే తీసేయండి.

పాలమూరు: వీటిని గుల్లలు అనాలి. నత్త అంటే పొలంలోది.

మునుగోడు: గుల్ల అంటే ప్రాణం పోయాక మిగిలే పెంకు. మా ఊళ్లో అట్లనే అంటాం.

పాలమూరు: మా దగ్గర బతికున్నదాన్నీ గుల్లే అంటారు.

నల్లగొండ: బిళ్ల లేదు సార్. కళ్లు కొమ్ముల మొదట్లోనే ఉన్నాయి. తడి గుడ్డ మీద ఆకులేసి పెట్టాను. ఆరు తిరుగుతున్నాయి. థ్యాంక్స్. గుడ్డ తడపడానికి ఉప్పు నీళ్లా, మామూలువా?