సుంకి ఘాట్‌లో ఆగిపోతున్న పద్మిని కారు, పాత బండ్లు ఇంట్లో బాగుచేసుకుంటున్నవాళ్లు ఓ మాట చెప్పండి

కోరాపుట్_ఫియట్:
నాన్నగారి పద్మిని, 84 మోడల్. ఏళ్ల తరబడి మూలన పడుంటే ఇంజన్ దించి, బోరింగ్ మాత్రం విజయనగరంలో చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశా, మిగతాదంతా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే. ఊళ్లో బ్రహ్మాండంగా నడుస్తోంది, సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంటోంది, కానీ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు తన్నుకుని తన్నుకుని ఆగిపోతోంది, బానెట్ ఎత్తి అరగంట కూర్చుంటే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఎయిర్ లాకేనంటారా, అంటే వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం? ఏసీ పంప్ (పెట్రోలు లాగే పంపు) మీద తడిగుడ్డ వేస్తున్నా, ఒకోసారి పనిచేస్తోంది ఒకోసారి లేదు.

పర్లాకిమిడి_అంబీ:
తడిగుడ్డ ఒకోసారే పనిచేస్తోందంటే పెట్రోలు మీద నాకంత అనుమానం లేదండి. బండి ఆగిన నిమిషంలోనే చూడాలి, చల్లారాక ఏదీ దొరకదు. ఒక ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి (కార్బ్యురేటర్‌కి దూరంగా బాబూ, ఆవిరి అంటుకుంటే బండే ఉండదు). మంట నీలంగా గట్టిగా వస్తే గొడవ పెట్రోలు వైపు. పచ్చగా నీరసంగా ఉంటే డెల్కోలో (డిస్ట్రిబ్యూటర్‌లో) కండెన్సరో, ఇగ్నిషన్ కాయిలో. వేడెక్కితే చచ్చిపోవడం చల్లారితే బతకడం ఆ రెండిటికీ మామూలే.

బరంపురం_టింకర్:
కండెన్సర్ మారిస్తే పాతది పారేయకండి, ఇప్పుడొచ్చే కొత్త సరుకు కన్నా అదే నయం అయిన రోజులున్నాయి. నా అంబాసిడర్ సంగతి వేరు, గోపాల్‌పూర్ ఉప్పుగాలికి కింద ఫ్లోరంతా జల్లెడ. పుట్టీ పెట్టి రంగు కొట్టేద్దాం సార్ అన్నారు, ఒద్దని తుప్పంతా కోయించి కొత్త రేకు వెల్డింగ్ పెట్టిస్తున్నా. డబ్బు పోతోంది, పని నత్తనడక.

గుణుపూర్_కుర్రోడు:
అన్నా నా బండికి పెట్రోలు పైపు లోపల జిగురైపోయింది, పంపు డయాఫ్రమ్ ఉబ్బిపోయింది, ఈ20 పెట్రోలు వల్లేనా?

పర్లాకిమిడి_అంబీ:
అయ్యుండొచ్చు తమ్ముడూ. అందులో 20 శాతం ఇథనాల్, ఆ కాలం రబ్బరు దానికోసం చేసింది కాదు. ఇథనాల్‌కి తట్టుకునే పైపే అడిగి తీసుకో, డయాఫ్రమ్ కిట్టు కూడా. ఇంకోటి, ఇథనాల్ నీళ్లు పీలుస్తుంది. వానాకాలమంతా బండి షెడ్డులో ఉంచేలా ఉంటే కార్బ్యురేటర్ బౌల్ ఖాళీ చేసి పెట్టు.

కోరాపుట్_ఫియట్:
అంబీ గారూ, మీరన్నదే. ఘాట్‌లో ఆగగానే చూశా, మంట పచ్చగా, ఉండీ లేనట్టు. డెల్కో విప్పితే లోపలి కాంటాక్ట్ పాయింట్లు నల్లగా గుంటలు పడున్నాయి. పాయింట్లూ కండెన్సరూ రెండూ మార్చి, గ్యాప్ సరిచేసి, బల్బు పెట్టి టైమింగ్ చూసుకున్నా. నిన్న ఘాట్ మొత్తం ఎక్కేసింది, తడిగుడ్డ డిక్కీలోనే ఉండిపోయింది! కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి, ఇంటికొచ్చాక ఐడిలింగ్‌లో నల్లపొగ, ప్లగ్గులు మసి. మనది 870 మీటర్ల ఎత్తు కదా, గాలి పల్చనై పెట్రోలు ఎక్కువవుతోందా? కార్బ్యురేటర్‌లో జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చిన్నది వేసెయ్యమంటారా?

బరంపురం_టింకర్:
జెట్ జోలికి పోకండి. ఆ ఎత్తుకి మిక్స్చర్ కాస్త రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది గానీ నల్లపొగ వచ్చేంత కాదు. చిన్న జెట్ వేసుకుని కింద విజయనగరం ఎండలో తిరిగితే లీనై (పెట్రోలు తక్కువై) వాల్వులు కాలతాయి. ముందు చోక్ పూర్తిగా వెనక్కొస్తోందా చూడండి, తర్వాత కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ లెవెల్, నీడిల్ సీటు.

జయపురం_మావయ్య:
మధ్యలో నా ప్రశ్న. మా అన్నయ్య దగ్గర 68 మార్క్ టూ అంబాసిడర్ ఉంది, వింటేజ్ నంబరు వస్తుందా?

పర్లాకిమిడి_అంబీ:
50 ఏళ్లు దాటి, బండి పెద్దగా మార్చకుండా ఉంటే వస్తుంది మావయ్యా. 2021 రూల్స్, వీఏ సిరీస్, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కాకపోతే ఆ నంబరుతో రోజూ తిప్పకూడదు, షోలకీ ర్యాలీలకీ అంతే. సంతకెళ్లి కూరలు తెచ్చే బండైతే మామూలు ఆర్సీయే రెన్యూ చేయించుకోమనండి.

కోరాపుట్_ఫియట్:
చోకే! కేబుల్ లోపల తుప్పుపట్టి సగంలో పట్టేస్తోంది. ఆయిల్ పోసి కదిపితే వెనక్కొచ్చింది, పొగ చాలావరకు పోయింది, ఆ కేబుల్ మాత్రం మార్చాల్సిందే. ఇక మిగిలింది హ్యాండ్ గేర్ (స్టీరింగ్ పక్కనుండే గేరు) లింకేజీ, సెకండ్ పడాలంటే రెండు చేతులూ కావాలి. బుష్షులు వైజాగ్‌లో అడిగితే లేవన్నారు, ఎవరైనా లేత్ మీద చేయించారా?

గుణుపూర్_కుర్రోడు:
నేను చేయించానన్నా, ఇత్తడివి. పాత బుష్షు ఒకటి శాంపిల్‌కి పట్టుకెళ్లండి, కొలతలు నోటితో చెప్తే లేత్ వాళ్లు వదులుగా తీసేస్తారు.